లెక్క సరిపోయింది

"ఇల్లు కూలేటప్పుడు చూద్దాం గని, ముందుగాల పొయ్యి మీద అన్నం చూడు," అన్నాడు చిరంజీవి.

అన్నం అప్పటికే వార్చి దించేసింది జంపక్క. వాకిట్లో కాళ్లు చాపుకుని బీడీలకి పోయే తునికాకు కట్టలు కడుతోంది. చీకటితో అడవికి పోయి, ఎండ ముదిరేదాకా ఆకు కోసి, మూట నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చి, ఆకు మీద ఆకు సర్ది, యాభై ఆకులకో ముడి వెయ్యడం. పొద్దు వాలేలోపు కట్టలన్నీ ఆకు కొనే కల్లానికి చేర్చాలి. ఆకు పసరు అంటి వేళ్లు నల్లబడ్డాయి. ఆ వేళ్లతోనే మొగుడికి మండలాఫీసువాళ్లు ఇచ్చిన కాగితం చూపించింది. భూకంపం వస్తే ఏం చెయ్యాలో దాని మీద బొమ్మలు వేసి ఉన్నాయి.

"బుధవారం అందరు ఇంటికాడ ఉండాలె. బడి గంట గొట్టంగనే బయటి జాగల నిలబడాలె. నువ్వు గూడ యాడికీ పోకు," అంది.

"ఉంటలే. నీకెంతిస్తున్నరు దీనికి?"

"వాలంటీరుకు జీతముండదట."

"ఇంట్ల చేసేదానికి నేనిస్తున్ననా? నీకలవాటే గదా," అని నవ్వి లోపలికి పోయాడు. పీట వేసుకుని కూర్చున్న చప్పుడైంది. వడ్డించడానికి జంపక్క ఆకులు పక్కకి జరిపి లేచింది.

చిరంజీవి చెడ్డవాడు కాదు. తాగి కొట్టే రకం కాదు. పిల్లలంటే ప్రాణం. అందుకే అతని మీద ఎవరికీ ఏమీ చెప్పుకోవడానికి ఉండదు. చెప్పుకుంటే "గాయన లాంటోడు నీకు దొరకడమే ఎక్కువ" అంటారు.

ఇప్పలగుంపు భద్రాచలం అవతల, అడవిలో ముప్పై రెండు ఇళ్ల ఊరు. సునామీ వచ్చిపోయిన మరుసటి ఏడాది అది. సముద్రం ఎక్కడో, ఇప్పలగుంపు ఎక్కడో. అయినా ఆ ఎండాకాలం పైనుంచి ఉత్తర్వు వచ్చింది, ఊరూరా జనానికి భూకంపం వస్తే ఎలా తప్పించుకోవాలో ఆడించి చూపించాలని. అరవై తొమ్మిదిలో ఈ పక్కన భూమి కదిలింది కాబట్టి అడవి ఊళ్లు ముందు. ఊరికొక చదువుకున్న మనిషి కావాలన్నారు. ఇప్పలగుంపులో పదో తరగతి దాకా పోయిన ఆడది జంపక్క ఒక్కతే. చదువుకున్న మగవాళ్లు ఇద్దరున్నారు గాని, జీతం లేదనేసరికి వాళ్లకి తీరిక లేకపోయింది.

రెండు రోజులు మండలంలో నేర్పించారు. నేర్పినాయన రవీందర్, ఖమ్మంలో ఖానాపురం హవేలిలో ఇల్లు, రోజూ బస్సులో వచ్చిపోయే మనిషి. మెత్తగా మాట్లాడతాడు. భూమి అదిరినప్పుడు బల్ల కింద దూరమన్నాడు. తలమీద చేతులు పెట్టుకోమన్నాడు. ఆగినాక సామాన్ల కోసం చూడకుండా బయటపడమన్నాడు. చివరగా ఒక మాట చెప్పాడు. ఎక్కడ చూసినా ఆడవాళ్లే ఎక్కువ చచ్చిపోతారట, పిల్లల కోసమో ముసలివాళ్ల కోసమో పొయ్యి మీద కూటి కోసమో లోపల ఆగిపోయి. ఆ మాట జంపక్క మనసులోకి పోయి కూర్చుంది. ఆడవాళ్లు ఇంట్లో ఎంతసేపు ఉంటారో ఒకరు లెక్క చూశారన్న సంగతే ఆమెకి కొత్త.

ఊళ్లోకొచ్చి ఇల్లిల్లూ తిరిగింది. ఆకు కోత దినాలు, ఎవరికీ నిలబడే తీరిక లేదు. పక్కింటి నాగలక్ష్మి కట్ట ముడివేస్తూనే వింది.

"బల్ల కింద దూరాలెనా? మా ఇంట్ల బల్ల యాడిదే అక్కా. సర్కారే తలొక బల్ల ఇయ్యమను, దూరతం."

"మంచం కింద దూరు."

"మంచం కింద మా ఆయన తునికాకు పెట్టిండు, పైన ఆయన పండిండు. నాకు రెండు తావులా జాగ లేదు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. జంపక్క కూడా నవ్వింది. నవ్వుతూనే చెప్పింది, కుండ ఉడుకుతున్నా వదిలి రావాలని, ఎవరు కేకేసినా వెనక్కి పోవద్దని, లోపల ఒక్క ఆడది కూడా మిగలకూడదని. గంట పదింటికి కొడతామన్నారు, అది ఆకు మూటలు దిగే వేళ, పన్నెండింటికి మార్చమని రవీందర్‌ని అడిగి ఒప్పించింది. దాంతో జనం కుదురుపడ్డారు. "జంపక్క అడిగితే సారు ఇన్నడట" అని చెప్పుకున్నారు. ఊరు తిరిగిన ఆ రెండు రోజులూ ఆమెకి నడుం నొప్పి తెలియలేదు.

తెలిసింది మంగళవారం, ఆకు మూట దించాక, సొంతింట్లో.

అత్త ముత్తక్క గడపలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. రేపటి సంగతి జంపక్క విడమరిచి చెబుతుంటే అన్నీ వింది. చివరికి తల పైకెత్తి ఇంటి నడుమ ఉన్న గుంజ వైపు చూసింది.

"మేమందరం పోతం. మరి నిట్రాడు ఎవరు పట్టుకుంటరు?"

ఆ ఇంట్లో అది పద్ధతి. పెంకుల కప్పు బరువంతా మోసే నడిమి గుంజ నిట్రాడు. కొత్త కోడలు గడప దాటి లోపలికి రాగానే మొదట దానికే పసుపు రాయాలి. ఆ ఇంటి పెద్దలు చనిపోయి అందులోనే ఉంటారని నమ్మకం. గాలివాన వచ్చినా, పిడుగులు పడ్డా, ఇంటి కోడలు రెండు చేతులతో దాన్ని కావలించుకుని నిలబడాలి. కోడలు పట్టుకుంటే ఇల్లు నిలుస్తుంది. అరవై తొమ్మిదిలో భూమి కదిలిన దినం ముత్తక్క పట్టుకుంది. అప్పటికి చిరంజీవి కడుపులో ఉన్నాడు. చుట్టుపక్కల నాలుగిళ్ల గోడలు పడ్డాయి, ఈ ఇంటికి పెంకు కూడా జారలేదు. ఆ కథ ఊరందరికీ తెలుసు. పెళ్లిళ్లలో చెబుతారు. ఆ ఒక్క సంగతితోనే ముత్తక్క ఆ ఊళ్లో పెద్దదైంది.

"అత్తా, రేపు నిజంగ కదలదు గదా. ఉత్తుత్తిది."

"ఉత్తుత్తిదైతే నువ్వు పట్టుకోనీకి కష్టమేంది?"

"నేను ముప్పై ఇండ్లల్ల చెప్పొచ్చిన, ఎవరూ లోపల ఉండొద్దని."

"ముప్పై ఇండ్ల సంగతి వేరు. మన ఇంటి కోడలు బయటికి రాదు. నువ్వు పట్టుకుంటేనే నేను గడప దాటేది. లేకుంటే ఈడనే కూసుంట. నీ సారుకు చెప్పుకో."

మొగుణ్ని అడిగింది. చిరంజీవి బీడీ వెలిగిస్తూ, "పెద్దామె మాట ఒక్కపూట ఇంటే నీ సొమ్మేం పోతది? రెండు నిమిషాల పని," అన్నాడు. మామ పోతయ్య మంచం మీదనుంచి దగ్గాడు. ఆయన ఏ సంగతికైనా అంతే, దగ్గు ఎటు తిరిగితే అటు అర్థం చేసుకోవాలి.

ఆ రోజంతా ఆకులు కడుతూ ఆలోచించింది. తను బయటికి వస్తే అత్త లోపల కూర్చుంటుంది. వాలంటీరు ఇంట్లోనే మనిషి రాలేదని ఊరంతా నవ్వుతుంది. తను లోపల ఉండిపోతే అన్ని ఇళ్లూ తిరిగి చెప్పిన మాట అబద్ధమవుతుంది. ఆలోచించగా ఆలోచించగా ఒక దారి కనబడింది. బయట సారు ఇంటింటి మనుషుల్నీ లెక్కబెడతాడు. తమ ఇంట్లో ఒకరు తక్కువ పడతారు. ఎవరని అడుగుతాడు. పిలుస్తారు. సర్కారు మనిషే పిలిచాక, రాక తప్పిందా అని అత్తతో చెప్పవచ్చు. సారే అత్తకి నాలుగు మాటలు చెబుతాడు. తన నోటితో ఎదురు చెప్పే పని ఉండదు. పిలిస్తే చాలు. ఒక్కసారి పిలిస్తే చాలు.

బుధవారం మధ్యాహ్నం బడి గంట మోగింది.

జంపక్క ఇల్లు అంగన్‌వాడీ ముందున్న ఖాళీ జాగని ఆనుకునే ఉంది. వాలంటీరు ఇంటితోనే మొదలుపెడతానన్నాడు రవీందర్. గంట మోగగానే చిరంజీవి ఇద్దరు పిల్లల్నీ చెరో చంకనా ఎత్తుకుని నవ్వుకుంటూ ఉరికాడు. పోతయ్య కర్ర పట్టుకుని కదిలాడు. ముత్తక్క గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. జంపక్క పోయి నిట్రాడు పట్టుకుంది. ముత్తక్క చూసుకుని, మోకాలు పట్టుకుని మెల్లగా మెట్టు దిగింది.

ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది. ఆ ఇంటికి వచ్చి పదకొండేళ్లు, అంత ఖాళీగా ఎప్పుడూ చూడలేదు. గుంజ నున్నగా, చల్లగా ఉంది. ఎంతమంది కోడళ్ల చేతులు రుద్దితే అంత నున్నబడిందో. బయట పిల్లల అల్లరి, ఆడవాళ్ల నవ్వులు వినబడుతున్నాయి. నాగలక్ష్మి గొంతు వినబడింది, "నేను కుండ వదిలొచ్చిన, మాడితే జంపక్కదే పూచీ," అని. అందరూ వచ్చారు. చెప్పిన ప్రతి ఇల్లూ వచ్చింది. జంపక్కకి గుంజ పట్టుకుని ఉండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి, సంతోషానికే.

తర్వాత రవీందర్ గొంతు వినబడింది. చేతిలో లిస్టు ఉంది. ఇంటి యజమాని పేరు పిలిచి, ఇంట్లోవాళ్ల పేర్లు చదువుతున్నాడు.

"పోతయ్య ఇల్లు. పోతయ్య."

"ఉన్న సారూ."

"ముత్తక్క. చిరంజీవి. రజిత. వంశీ. ఐదుగురు. ఉన్నారా?"

"ఐదుగురం ఉన్నం సారూ," అన్నాడు చిరంజీవి.

"వెరీ గుడ్. ఒకటిన్నర నిమిషంల ఇల్లు ఖాళీ. లెక్క సరిపోయింది. చప్పట్లు కొట్టండి."

ఊరంతా చప్పట్లు కొట్టింది.

జంపక్కకి మొదట అర్థం కాలేదు. రవీందర్ తప్పు చదివాడనుకుంది. తర్వాత గుర్తొచ్చింది. ఆ లిస్టు రాసింది తనే. ఇంటింటికీ పోయి రేషన్ కార్డు చూసి, ఉన్నది ఉన్నట్టు ఎక్కించమన్నారు, తను అలాగే ఎక్కించింది, గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా. తన ఇంటి కార్డు కూడా గూట్లోంచి తీసి, ఐదు పేర్లు ఉంటే ఐదు పేర్లు రాసింది. ఆరో పేరు ఆ కార్డులో లేదు. కారేపల్లి పక్కన పుట్టింటి కార్డులో ఉండిపోయింది. అక్కడ పేరు తీసేసినట్టు కాగితం తెస్తేనే ఇక్కడ ఎక్కిస్తారు. పెళ్లైన కొత్తలో అడిగితే చిరంజీవి "పోదాంలే" అన్నాడు. రజిత పుట్టినాక అడిగితే "పిల్ల పేరు ఎక్కిచ్చిన గదా, నీదేం తొందర" అన్నాడు. వంశీ పుట్టినాక ఆమె అడగడం మానేసింది. పదకొండేళ్లు ఆ ఇంట్లో వండింది, ఊడ్చింది, మామ దగ్గుకి కషాయం కాచింది, అత్త మోకాళ్లకి ఆముదం రాసింది, అడవి నుంచి ఆకు మోసింది. ఇన్ని చేసిన చేత్తోనే తను లేని లిస్టు రాసింది. రాస్తున్నప్పుడు ఏమైనా తగ్గిందని ఆ చేతికి తోచలేదు. వాళ్లు మరచిపోయారంటే సరే, తనెలా మరచిపోయింది? ఇప్పుడు బయటికి పోయి నేనున్నాను అని చెబుదామా అనుకుంది. ఏమని చెబుతుంది? సరిపోయిన లెక్కలోకి ఎలా దూరుతుంది? నిజంగా భూమి కదిలిన దినమైనా ఇంతే కదా అనుకుంది. ఐదుగురూ వచ్చారని రాసుకుని, పక్కింటికి పోతారు.

చేతులు గుంజ చుట్టూ ఉన్నట్టే ఉన్నాయి. వదిలితే ఎవరూ చూడరు. అయినా వదలలేదు. వదిలి ఎక్కడికి పోవాలో తోచలేదు.

బయట పేర్లు చదవడం అయిపోయింది. ఒకణ్ణి దెబ్బ తగిలినవాడిలా మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోశారు, ఊరు విరగబడి నవ్వింది. ఎండ గడపలోంచి కొంచెం జరిగింది. అప్పుడు చిరంజీవి గొంతు వినబడింది, ఇంటి వైపు తిరిగి.

"జంపక్కా."

గుంజ వదిలేసింది.

"సారుకు చాయ్ బొయ్యాలె, గ్లాసులు యాడ బెట్టినవే?"

గూట్లోంచి ఆరు గ్లాసులు తీసి, కడిగి, పళ్లెంలో పెట్టుకుని బయటికి పోయింది. ఎండకి కళ్లు చీకట్లు కమ్మాయి. చిరంజీవి పళ్లెం అందుకుంటూ, "ఇంతసేపు యాడున్నవ్? సారు పక్కన ఉన్నవనుకున్న," అన్నాడు. నిట్రాడు సంగతి అతనికి నిజంగానే గుర్తులేదు. రవీందర్, "రామ్మా, నువ్వు ఇంటింటికి తిరిగి చూస్తున్నవనుకున్న. మండలంల మీ ఊరే ఫస్టు," అని మెచ్చుకున్నాడు. నాగలక్ష్మి కూడా ఆమె సారు దగ్గరే ఉందనుకుంది. ఎవరికి వాళ్లు ఆమెని ఎక్కడో ఒకచోట పనిలో పెట్టుకున్నారు.

"సారూ, లిస్టుల మా ఇంట్ల ఒక పేరు తక్కువున్నది," అంది జంపక్క.

"ఎవరిది?"

"నాది."

రవీందర్ కాగితం తిప్పి చూశాడు. నొచ్చుకున్నాడు కూడా. "కార్డులో లేకుంటే నేనెట్ల రాస్తనమ్మా. ఈ లిస్టు కాపీ పైకి పోయింది. ముందుగాల కార్డుల ఎక్కిచ్చుకో. ఇప్పుడైతే సంతకం పెట్టు, నేను బస్సందుకోవాలె."

అందరూ క్షేమంగా బయటికి వచ్చారని రాసి ఉంది. దాని కింద వాలంటీరు అన్నచోట ఆమె సంతకం పెట్టింది.

పొద్దు వాలేలోపు ఆకు కట్టలు కల్లానికి చేర్చి వచ్చేసరికి ముత్తక్క గడపలో ఉంది. జంపక్క ఆముదం గిన్నె తెచ్చి కింద కూర్చుని, అత్త మోకాలు ఒళ్లోకి తీసుకుంది.

"నేను పెద్దోళ్లతోని అవతల నీడకు కూసున్న. నాకు సరిగ్గ ఇనబడలే," అంది ముత్తక్క. "నిన్ను పిలిచిన్రా?"

"పిలిచిండు. గ్లాసుల కోసం."

ముత్తక్క తల ఊపింది. నవ్వుతుందనుకుంది జంపక్క. నవ్వలేదు.

"నన్ను గందుకు గూడ పిలువలే."

జంపక్క గిన్నె కింద పెట్టింది.

"అప్పుడు రాత్రి అన్నాలు తిన్న యాళ్ల భూమి కదిలింది. మా అత్త 'పట్టుకోవే' అన్నది, పట్టుకున్న. అందరు ఉరికిన్రు. మీ మామ ఎడ్లను ఇప్పుకొని పోయిండు. పిలుస్తరు పిలుస్తరనుకున్న. కడుపుల పిల్లగాడు తిరుగుతుండు. తెల్లారినంక నేనే వచ్చిన. బయట మంట ఏసుకొని కూసున్నరు. మీ మామ నన్ను జూసి, ఎడ్లకు కుడితి కలుపుమన్నడు."

పెళ్లిళ్లలో చెప్పే కథలో ఇవేవీ లేవు. దగ్గుకుంటూ మంచం మీద పడుకున్న మామ వైపు చూసింది జంపక్క. ఆయన గోడవైపు తిరిగి ఉన్నాడు.

"మరి నన్నెందుకు పట్టుకోమన్నవ్ అత్తా? అంత తెలిసి?"

ముత్తక్క మోకాలు వెనక్కి తీసుకుంది.

"నేను పట్టుకున్న గాబట్టి ఇల్లు నిలిచిందన్నరు. గట్లనే అనుకున్న ఇన్నేండ్లు. అది గూడ కాదంటే, ఆ దినం నేను లోపల ఎందుకున్నట్టు?"

రెండు రోజులు నేర్పించిన దాంట్లో ఈ ప్రశ్న లేదు. పట్టుకున్నందువల్ల కాదు అత్తా, నీ అదృష్టం బాగుండి కప్పు మీద పడలేదు, అని చెప్పవచ్చు. చెబితే ముప్పై ఆరేళ్ల మర్యాద ఆ గడపలోనే రాలిపోతుంది. ఆమె మళ్లీ మోకాలు అందుకుని నూనె రాయడం మొదలుపెట్టింది.

"మళ్ల ఎప్పుడు పెడతరంట?" అంది ముత్తక్క.

"పదిహేను దినాలకు. పెద్ద సారు వస్తడట చూసెతందుకు."

"గా దినం నువ్వు పో. నిట్రాడు నేను పట్టుకుంట."

"ఒద్దత్తా."

"ఒద్దంటే ఎట్ల? ఎవరో ఒకరు పట్టుకోవాలె గదా. ఈ మోకాళ్లతోని మెట్టు దిగే పని గూడ తప్పుతది."

ఎవరూ పట్టుకోనక్కర్లేదని అనబోయింది జంపక్క. అంతలో సారు చేతిలో కాగితం గుర్తొచ్చింది. లిస్టు మళ్లీ అదే లిస్టు. పోతయ్య తర్వాత రెండో పేరు ముత్తక్కది. అత్త లోపల ఉండిపోతే ఐదుగురిలో ఒకరు తగ్గుతారు. సారు చదవడం ఆపాలి. కొడుకు వెనక్కి తిరిగి చూడాలి. మొగుడు కర్ర పట్టుకుని గడప దాకా రావాలి. ఊరంతా ఎండలో నిలబడి ఉండగా, ముత్తక్కా అని పేరు పెట్టి పిలవాలి, ఆమె బయటికి వచ్చేదాకా పిలుస్తూనే ఉండాలి.

"సరే అత్తా. నువ్వే ఉండు," అంది.